స్నానాలగదికి శివరాత్రి తాళం

జిమ్ములకు మార్కులు వేయడం కూడా ఒక ఉద్యోగమేనంటే మా అమ్మ చివరిదాకా నమ్మలేదు. "బరువులెత్తేది వాళ్లు, చెమట కార్చేది వాళ్లు, మార్కులు యేసేది నువ్వా? బాగుండాదప్పా నీ కత" అని నవ్వేది. మా నాయన మడకశిర దిక్కున గొర్రెలు కాచుకుని బతికిన మనిషి. ఆయనకు నేనేం చేస్తానో విడమరిచి చెప్పే ధైర్యం నాకెప్పుడూ చాలలేదు.

ఇప్పుడు ఈ రంగంలోకి వస్తున్న పిల్లలకు ఆ ఉద్యోగం గురించి ఏదైనా రాయమని ఒక మిత్రుడు అడిగాడు. గొప్పలు చెప్పుకోవడానికి నాలుగు సంగతులు లేకపోలేదు. కానీ రాయాలని కూర్చుంటే చేతికి వచ్చేది ఒక్కటే, అది గొప్ప సంగతి కాదు. సిగ్గుమాలిన సంగతి. అదే రాస్తాను, చదవండి.

మొదట హైదరాబాదులో ఒక ప్రైవేటు బడిలో డ్రిల్లు మాస్టరుని. మోకాళ్లు మొరాయించాక, బెంగళూరులో పెద్ద పేరున్న ఒక జిమ్ముల సంస్థలో చేరాను. దానికి ఊరూరా బ్రాంచీలు. ఏ బ్రాంచి ఎలా ఉందో చెప్పాపెట్టకుండా వెళ్లి చూసి, పక్కపక్కన పెట్టి పోల్చి, వందకు ఇన్ని అని మార్కులు వేయాలి. అద్దాలు తుడిచారా, ట్రెడ్‌మిల్లు చప్పుడు చేస్తోందా, తువ్వాళ్లు ఉతికినవేనా, స్నానాలగదిలో నీళ్లు వస్తున్నాయా అని నాలుగు పేజీల ఫారం. అన్ని ఊళ్లకూ అదే ఫారం. చివరి పేజీలో అడుగున "రిమార్కులు" అని చిన్న గడి. ఈ కథంతా ఆ గడి గురించే.

బ్రాంచీలను పోల్చడం మొదట్లో మహా సరదాగా ఉండేది. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఆఫీసుల పక్కనున్న బ్రాంచికి వచ్చేవాళ్లలో సగంమంది అద్దంలో ఫోటో తీసుకుని, షవర్ కింద అరగంట నిలబడి వెళ్లిపోయేవాళ్లు. బరువులకు వాళ్ల చెయ్యి తగిలేది తక్కువ. కానీ ఆ బ్రాంచికే ఎప్పుడూ మొదటి ర్యాంకు, ఎందుకంటే షవర్‌కు, తువ్వాలుకు, సువాసనకు మార్కులున్నాయి గానీ చెమటకు లేవు. హైదరాబాదులో ఒక బ్రాంచి కింద బిర్యానీ హోటలుండేది. పైన కరిగించిందంతా కింద మళ్లీ నింపుకుని ఇంటికి పోయేవాళ్లు. దానికి రెండో ర్యాంకు. ఇక ఆఖరి ర్యాంకు ఎప్పుడూ అనంతపురానిది. కాగితాల మీదనే చూసేవాణ్ని గానీ అక్కడికి నేను వెళ్లలేదు. నా జిల్లా గనుక వేరేవాళ్లను పంపేవాళ్లు.

ఒక ఎండాకాలం ఆ వేరేవాడు ఉద్యోగం మానేశాడు. మీటింగులో మా పెద్దసారు నా వైపు తిరిగి, "ఏమండీ, ఈసారి మీ ఊరు మీకే. మీవాళ్లకు ఎన్ని మార్కులు వేసుకుంటారో చూద్దాం" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే లోపల అనుకున్నాను: చూడండి, ఒక్క మార్కు ఎక్కువ వేస్తే అడగండి.

అదిగో, తప్పు అక్కడే జరిగింది. బ్రాంచి గడప తొక్కక ముందే తీర్పు రాసేసుకున్నాను. పరాయి ఊళ్లో పొట్టపోసుకునే మావాళ్లకు ఈ రోగం ఒకటి ఉంటుంది. సొంతవాళ్లను వెనకేసుకొచ్చాడని ఎక్కడ అంటారోనని, సొంతవాళ్లనే నాలుగు దెబ్బలు ఎక్కువ కొడతాం. దానికి నిజాయితీ అని పేరు పెట్టుకుంటాం.

పొద్దున ఆరు కాకముందే అనంతపురం స్టేషన్లో దిగి ఆటో ఎక్కాను. సందు మొదట్లో దింపి వెళ్లిపోయాడు ఆటోవాడు. జిమ్ము బోర్డు కనపడలేదు. గోడ వెంబడి మాత్రం బిందెలు, ప్లాస్టిక్ కుండలు బారుగా ఉన్నాయి, పక్కన ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. "ఇక్కడ జిమ్ ఎక్కడండీ?" అని అడిగాను. మా మాట నోట్లోంచి జారకుండా హైదరాబాదులో నేర్చుకున్న మాటతో అడిగాను.

"ఆ బిందెలు ఉండాయి గదా సార్, వాటి ఎనకాలే" అందొకామె.

నిజంగానే బిందెల వెనకే ఉంది. జిమ్ము వెనక గోడకు చిన్న రంధ్రం, దాంట్లోంచి ఆకుపచ్చ పైపు, పైపు కింద బిందె. పైపు దగ్గర అరవై దాటిన ఒక పెద్దావిడ కూర్చుని ఎవరి వంతు ఎవరిదో చూస్తోంది. జిమ్ము ఊడ్చి తుడిచేది ఆవిడే. అందరూ పెద్దమ్మ అనేవాళ్లు. నేను ఫారం తీసి, మూడో పేజీలో ఉన్న ప్రశ్న చూసుకున్నాను. సంస్థ వనరులను బయటివాళ్లు వాడుతున్నారా? "అవును" అని టిక్కు పెట్టాను. ఇంకా లోపలికి అడుగు కూడా పెట్టలేదు.

లోపల ఏసీ వేయలేదు, కిటికీలు తెరిచి ఉన్నాయి. కానీ అన్నీ నడుస్తున్నాయి. ఒక్క మిషను ఖాళీ లేదు. ఫోటోలు తీసుకునేవాడు ఒక్కడూ కనపడలేదు. కాలేజీ పిల్లలు, ఆఫీసు గుమాస్తాలు, పోలీసు సెలక్షన్లకు తయారయ్యే ఆడపిల్లలు, అందరూ వంచిన నడుము ఎత్తడం లేదు. మా సంస్థ ప్రొటీన్ డబ్బాలు అల్మారాలో దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాయి. కసరత్తు అయినవాళ్లు చేతిరుమాల్లో మూట కట్టుకొచ్చిన ఉడకబెట్టిన చెనక్కాయలు విప్పుకుని తింటున్నారు. నిజం చెప్పాలంటే నేను చూసిన అన్ని బ్రాంచీల్లోకీ జిమ్ము అనిపించుకునేది అదొక్కటే. ఆ మాటకు ఫారంలో చోటు లేదు.

ఇన్‌ఛార్జికి ముప్పయ్యైదేళ్లు ఉంటాయి. ఒకప్పుడు మంచి కబడ్డీ ఆటగాడట, మోకాలు పోయి ఇందులోకి వచ్చాడు. నన్ను చూసి కంగారు పడలేదు. "రాండి సార్, ఎండ ఎక్కకముందే వచ్చినారు, మంచిపని చేసినారు" అని తిప్పి చూపించాడు. స్నానాలగది దగ్గరికి వచ్చేసరికి తలుపుకు తాళం వేసి ఉంది.

"ఇదేంటి?" అన్నాను.

"శివరాత్రి తాళం సార్" అన్నాడు, అది అందరికీ తెలిసిన సంగతన్నట్టు. "శివరాత్రికి యేస్తాం, ముంగారు వాన పడినంక తీస్తాం."

ముంగారు అంటే తొలకరి. అప్పుడు అసలు సంగతి చెప్పాడు. వీధికంతా ట్యాంకరు వారానికోసారి వస్తుంది, అదీ నమ్మకం లేదు. జిమ్ము బోరు ఒకటే ఇంకా నీళ్లు పోస్తోంది. పొద్దున ఒక గంట, అంతే, తరవాత గాలి. మూడేళ్ల కిందట ఒకరోజు కసరత్తు చేసేవాళ్లు లోపల షవర్ కింద పాటలు పాడుకుంటూ స్నానాలు చేస్తుంటే, ఆ నీళ్లు బయట మోరీలో పారుతుంటే, ఒక ముసలామె చెంబుతో ఆ మోరీ దగ్గర కూర్చుని ఉందట, గేదెకు పనికొస్తాయని. కసరత్తుకు వచ్చే ఆడపిల్ల చూసింది. మర్నాడు వాళ్లకు వాళ్లే కూర్చుని తీర్మానం చేసుకున్నారు. ఎండాకాలం చెమట తుడుచుకుని ఇంటికి పోదాం, ఆ గంట నీళ్లు వీధికి వదిలేద్దాం అని.

"ఒగరూ అడ్డం చెప్పలేదు సార్. ఈడ పుట్టినోళ్లే గదా అందరూ. బిందె పట్టుకుని నిలబడినోళ్ల ముందర తలస్నానం చేసి పోవాలంటే మొగం చెల్లల్ల గదా" అన్నాడు.

నాకు అర్థం కాలేదా? అక్షరం అక్షరం అర్థమైంది. మా అమ్మ రెండు మైళ్లు నడిచి తెచ్చిన బిందెలోంచి నేను ఒక చెంబు ఎక్కువ వంపుకున్నందుకు నాయన చేతిలో తిన్న దెబ్బ ఇప్పటికీ గుర్తుంది. అయినా మొహం ముడుచుకుని, "సభ్యులు ఫీజు కట్టేది అన్ని సౌకర్యాలకూ కదా" అన్నాను. ఛీ, ఆ గొంతు నాదేనా అనిపిస్తుంది ఇప్పుడు.

గొంతు ఎండి బల్ల మీద కూర్చుంటే పెద్దమ్మ కుండలోంచి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. తల వెనక్కి వాల్చి, చెంబు ఎత్తి పట్టి గటగటా తాగాను. అడుగున గుక్కెడు మిగిలింది. చేతి అలవాటు చేతికుంటుంది కదా. పారబోయలేదు, చెంబులో వదిలేయలేదు. అరచేతిలో వంపుకుని కళ్లు, మెడ తడుపుకున్నాను. మావైపు అందరూ చేసేదే.

పెద్దమ్మ నన్నే చూస్తోంది. "ఎవురప్పా నువ్వు? మాటేమో పైమాట, నీళ్లు తాగేది చూస్తే ఈ దిక్కోని మాదిరి ఉండావు. యా ఊరు మీది?" అంది.

"బెంగళూరమ్మా" అన్నాను.

"అమ్మానాయనా?"

"వాళ్లూ అక్కడే."

అమ్మ అప్పటికి ఏడాదైంది పోయి. నాయన ఊళ్లోనే ఉన్నాడు, అక్కడికి బస్సులో రెండు మూడు గంటల దూరంలో. ఒక్కమాటలో ఇద్దరినీ కాదనేశాను. పెద్దమ్మ "అట్లనా" అని చెంబు తీసుకుని వెళ్లిపోయింది.

బయలుదేరేటప్పుడు ఇన్‌ఛార్జి సందు చివరిదాకా వచ్చాడు. అప్పటిదాకా నిబ్బరంగా ఉన్నవాడు అక్కడ ఆగి, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"సార్, స్నానాలగదికి సున్నా యేయండి, నేనేమీ అనుకోను. ఆ ఫారం కడాకు రిమార్కులని ఒగ గడి ఉండాది గదా. దాంట్లో ఒగే ఒగ లైను రాయండి, తాళం ఎందుకు యేసినామో. మేము మెయిల్లో మూడుసార్లు రాస్తిమి. సాకులు చెప్తాండారు అన్నారు. ఇంగోసారి ఆఖర్న వస్తే నన్ను తీసేస్తామని కాగితం పంపినారు. నేను పోతే పోతా సార్, వచ్చేటోడు పైపు కోసేస్తాడు. చూసినోళ్లు మీరు రాస్తే నమ్ముతారు."

"రాస్తాను" అన్నాను.

"మాట గదా సార్?"

"మాట" అని చేయి కలిపాను.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఫారం పూర్తి చేశాను. స్నానాలగది, సున్నా. ఏసీ, సున్నా. ప్రొటీన్ అమ్మకం, సున్నా. ఆఖరి పేజీకి వచ్చాను. "ఈ ప్రాంతంలో నీటి ఎద్దడి వల్ల సభ్యులే స్వయంగా" అని మనసులో వాక్యం కట్టుకున్నాను కూడా. పెన్ను గడి మీద పెట్టాను. ఎక్కడినుంచి వచ్చిందో, మీటింగులో వాళ్లు నవ్విన నవ్వు చెవిలో పడింది. "చూశారా, మొదలెట్టాడు, మా ఊరు మా నీళ్లు అని" అంటారనిపించింది. హిందూపురం వచ్చేదాకా పెన్ను అలాగే పట్టుకుని ఉన్నాను. తరవాత మూత పెట్టి జేబులో పెట్టుకున్నాను. గడి తెల్లగా ఉండిపోయింది.

ఎవరూ నన్ను రాయొద్దనలేదు. బెదిరించలేదు. ఒక లైను రాస్తే నా ఉద్యోగం ఊడేదీ కాదు. మహా అయితే ఇంకోసారి నవ్వేవాళ్లు. ఆ నవ్వుకు భయపడ్డాను, అంతే. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే చెప్పుకోవడానికైనా బాగుండేది.

తరవాతి మీటింగులో పెద్దసారు నా ఫారం పైకెత్తి చూపించారు. "చూడండి, సొంత జిల్లా అని కూడా చూడలేదు. ఇదీ నిజాయితీ అంటే!" అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి నిలబడి చేతులు జోడించాను.

పది పదిహేను రోజుల్లో ఇన్‌ఛార్జిని తీసేశారు. పైపు కోయించి, గోడ రంధ్రానికి సిమెంటు పూయించి, స్నానాలగది తాళం తీయించారు. అన్నీ సరిగ్గా అమలయ్యాయో లేదో చూసి రమ్మని మళ్లీ నన్నే పంపారు. కర్మ కాకపోతే ఏమిటి!

మే నెల. సందులో బిందెలు లేవు. ఈసారి బోర్డు దూరంనుంచే కనపడింది. కొత్త ఇన్‌ఛార్జి ఏసీ వేసి, సెంటు కొట్టి ఎదురొచ్చాడు. షవర్లు తిప్పి చూపించాడు, ధారగా వచ్చాయి. మార్కులు వేశాను. కానీ లోపల సగం మిషన్లు ఖాళీ. పాతవాళ్లు చాలామంది మానేశారట. ఉన్నవాళ్లు కూడా ఆ షవర్ కిందికి వెళ్లకుండా చెమటతోనే ఇంటికి పోతున్నారు. స్నానం చేస్తున్నది కొత్తగా బదిలీ మీద ఊరికి వచ్చినవాళ్లు ఇద్దరు ముగ్గురు.

పెద్దమ్మ తడిగుడ్డతో అద్దం తుడుస్తోంది. నేను అదే బల్ల మీద కూర్చున్నాను. చూసింది. లోపలికి వెళ్లింది. చెంబు తెస్తుందనుకున్నాను. మూత తీయని ప్లాస్టిక్ సీసా తెచ్చి నా పక్కన పెట్టింది.

"కంపెనీ నీళ్లు సార్. తాగండి" అంది.

మావైపు గడపలోకి వచ్చినవాడికి, పగవాడైనా సరే, కుండలోంచి చెంబెడు నీళ్లివ్వడం ఆనవాయితీ. ఆ సీసాతో ఆవిడ నాకు చెప్పాల్సింది చెప్పేసింది. నేను మూత కూడా తిప్పలేక అక్కడే వదిలేసి వచ్చాను.

వానలు రాకముందే ఆ బోరు పూర్తిగా ఎండిపోయిందని తరవాత తెలిసింది. షవర్లు తిప్పితే గాలి బుస్సుమందట. అటు వీధికీ లేవు, ఇటు జిమ్ముకూ లేవు. ఆ మరుసటి ఏడు బ్రాంచే మూసేశారు. నేను మాత్రం ఇంకో ఐదారేళ్లు మార్కులు వేస్తూనే ఉండి, శాలువా కప్పించుకుని రిటైరయ్యాను.

రిటైరయ్యాక అనంతపురంలోనే చిన్న ఇల్లు తీసుకున్నాం. నాయన కూడా పోయాడు. పోయిన సంవత్సరం షుగరు బయటపడింది. రోజూ కసరత్తు చేయాల్సిందేనని డాక్టరు గట్టిగా చెప్పాడు. గుత్తి రోడ్డు వైపు రేకుల షెడ్డులో ఒక జిమ్ము ఉంది, తక్కువలో బాగా చూస్తారు అని పక్కింటాయన చెబితే వెళ్లాను. గడపలో చెప్పులు విడుస్తుంటే, కొంచెం కుంటుతూ ఎదురొచ్చినవాణ్ని చూసి రెండో చెప్పు విడవడం మానేశాను. అదే ఇన్‌ఛార్జి. జుట్టు నెరిసింది.

"రాండి సార్" అన్నాడు. అంతే. ఏ ఆశ్చర్యమూ లేదు.

వెనక్కి తిరిగి పోదామనుకున్నాను. ఇప్పుడు పోతే ఇక ఎప్పటికీ చెప్పలేనని తెలిసి, నిలబడే చెప్పేశాను. "ఆ రోజు నేను రాయలేదప్పా. మాటిచ్చి రాయలేదు. గడి ఖాళీగా ఇచ్చినా." ఎన్నేళ్లకో నా నోట మా మాట వచ్చింది.

"తెల్సు సార్. ఫారం కాపీ బ్రాంచికి పంపుతారు గదా. చూసుకుంటి" అన్నాడు. బల్ల మీది పేర్ల పుస్తకం తెరుస్తూ, "మొదట పెన్నులో ఇంకు ఐపోయిందేమో అనుకుంటి. రెండు దినాలు అట్లే అనుకుంటి" అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. ఒక మనిషి నా గురించి రెండు రోజులపాటు మంచిగా అనుకోవడానికి అంత కష్టపడ్డాడు. క్షమించమని అడిగాను. "మూడేండ్లు యాడా పని దొరకల్యా సార్. తీసేసినోడని ఎవరూ పెట్టుకోలేదు. అది ఐపోయింది. మోకాళ్లు ఎట్లుండాయి మీకు? మొదట ఒగ వారం నడకే" అని నా పేరు పుస్తకంలో రాసుకున్నాడు. క్షమించానని మాత్రం అనలేదు. నేను మళ్లీ అడగలేదు.

షెడ్డు మూలన కుండ ఉంది. కుండ పక్కన పీట మీద పెద్దమ్మ కూర్చుని ఉంది. బాగా వంగిపోయింది. చూపు మాత్రం అదే. దగ్గరికి వెళ్లి, "అమ్మా, నాది మడకశిర దిక్కే. ఆ దినం అబద్దం చెప్తి" అన్నాను.

"ఆ దినమే తెల్సప్పా నాకు. పోయేలోపల చెప్తావేమోనని చూస్తి" అంది.

లేచి, కుండలోంచి ముంచి చెంబు చేతికిచ్చింది. నీళ్లు ఎత్తి తాగాలంటే తల పైకెత్తాలి కదా. నాకు తల ఎత్తడం చేతకాలేదు. వంచిన తలతోనే చెంబు మూతికి ఆనించుకుని, చిన్నపిల్లవాడిలా కరుచుకుని తాగాను. తాగాక తెలిసింది, అందరి చెంబూ ఎంగిలి చేశానని.

పెద్దమ్మ చెంబు తీసుకోలేదు.

"ఎంగిలి చేస్తివి గదప్పా, ఇంగ అది నీదే. కడిగి ఆ మూలన పెట్టుకో" అంది. "కడిగేకి నీళ్లు మాత్రం తక్కువ పోసుకో."